వీధి నుంచి ఇంటికొచ్చిన కుక్కకు ఆటలు



వీధిలో పుట్టి, అక్కడే దెబ్బలు తిని, ఎవరో ఒకరి దయ వల్ల మన ఇంటికి చేరిన కుక్కకు ఆటలు నేర్పడం గురించి ఈ పూట మాట్లాడతాను. చెయ్యి ఇవ్వడం, గుండ్రంగా తిరగడం, గ్లాసు కింద దాచిన తిండి ముక్కను వాసన పట్టి చూపించడం, ఇలాంటివి. తిండి పెడుతున్నాం, టీకాలు వేయించాం, పడుకోవడానికి చోటిచ్చాం, ఇంకా ఆటలు కూడానా అని కొందరికి అనిపించవచ్చు. నేను చూసినంతలో అటువంటి కుక్క మనిషిని నమ్మడం మొదలుపెట్టేది చాలాసార్లు ఆటలోనే. అయితే ఆ ఆటను కొట్టకుండా, కసరకుండా, మెడ గుంజకుండా నేర్పాలి.

వీధి కుక్కకు బుర్ర తక్కువనీ, జాతి కుక్కయితేనే చెప్పింది వింటుందనీ మన ఊళ్ళలో గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని చెప్పడానికి మన దేశంలోనే రుజువుంది. కోల్‌కతా ఐసర్ సంస్థలో అనిందితా భద్ర గారి బృందం ఏళ్ళ తరబడి వీధి కుక్కల మీదే పరిశోధన చేస్తోంది. 2020లో వాళ్ళు ప్రచురించిన ఒక పరిశోధన వివరం ఇది. ఏ శిక్షణా లేని వీధి కుక్కల ముందు మూతపెట్టిన రెండు గిన్నెలు ఉంచారు. ఆ కుక్కలు ఎన్నడూ చూడని మనిషి ఒకరు ఒక గిన్నె వైపు చెయ్యి చూపించారు. దాదాపు సగం కుక్కలు దగ్గరికే రాలేదు. వచ్చిన వాటిలో మాత్రం సుమారు 80 శాతం, ఆ మనిషి చూపిన గిన్నె దగ్గరికే వెళ్ళాయి. మనిషి చెయ్యి ఏం చెబుతోందో ఎవరూ నేర్పకుండానే వాటికి తెలుసన్నమాట. మరి దగ్గరికి రాని సగం? వాటిలో కనిపించింది బెదురు. తెలివి ఉంది, భయం దాన్ని బయటికి రానివ్వడం లేదు. మనం చేయవలసిన పని ఆ భయంతోనే.

ఇదే బృందం 2017లో ఇంకో సంగతి బయటపెట్టింది. కొత్త మనిషి మళ్ళీమళ్ళీ వచ్చి కొన్ని కుక్కలకు అదనంగా తిండి పెడుతూ, కొన్నిటికి తల నిమురుతూ పోతే, నిమిరిన మనిషి మీదే కుక్కలకు నమ్మకం ఎక్కువగా కుదిరింది. ముక్క కోసమే తోక ఊపుతుంది అనుకునేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

వీధి కుక్కకు ఆ బెదురు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పే ఒక కుక్కపిల్ల కథ మహాభారతం ఆదిపర్వం మొదట్లో ఉంది. నన్నయ గారు తెలుగులోనూ చెప్పారు. జనమేజయ మహారాజు యాగం చేస్తున్న చోటికి సారమేయుడు అనే ఆ కుక్కపిల్ల ఆడుకుంటూ వస్తాడు. రాజుగారి తమ్ముళ్ళు వాణ్ణి కొడతారు. వాడు హవిస్సు ముట్టలేదు, కనీసం అటు చూడలేదు. ఏడుస్తూ పోయి తల్లి సరమకు చెప్పుకుంటాడు. ఆ తల్లి సభకు వచ్చి, ఏ తప్పు చేశాడని నా బిడ్డను కొట్టారని నిలదీస్తుంది. సమాధానం లేదు. మీకు ఊహించని భయం వచ్చిపడుతుందని శపించి వెళ్ళిపోతుంది. ఆ శాపానికి రాజు ఎంతగానో కలత పడ్డాడు. నాకైతే ఆ కథలో సారమేయుడే ఎక్కువ గుర్తుంటాడు. ఎందుకు కొట్టారో తెలియని దెబ్బ ఎటువంటిదో అందులో ఉంది. వీధిలో పెరిగిన ప్రతి కుక్కా ఆ దెబ్బ తిన్నదే. చీపురు ఎత్తితే, గొడుగు విప్పితే, చెప్పు తీయడానికి వంగితే అది నక్కిపోవడానికి కారణం అదే.

మా సిరి అలాగే వచ్చింది. ఇడ్లీ బండి దగ్గర పెరిగిన ఆడకుక్క. చెవి అంచు కొద్దిగా కత్తిరించి ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిందని గుర్తు. ఎవరైనా చెయ్యి ఎత్తితే చాలు, నేలకు అంటుకుపోయేది. అటువంటి కుక్కను బెత్తంతో దారికి తెద్దాం అనుకుంటే ఏం జరుగుతుందో శాస్త్రం చెబుతోంది. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. కొన్ని దండనతో నేర్పే శిక్షణ కేంద్రాలవి, కొన్ని బహుమతితో నేర్పే కేంద్రాలవి. దండన ఎక్కువున్న చోట కుక్కలు శిక్షణ సమయంలో ఎక్కువగా మూతి నాకుకున్నాయి, ఆవలించాయి, ముడుచుకున్నాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలంలో ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ కూడా బాగా పెరిగింది. ఆ తర్వాత చేసిన పరీక్ష నన్ను ఇంకా కదిలించింది. గదిలో ఒక పక్కన పెట్టే గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, రెండో పక్కన పెట్టే గిన్నె ఎప్పుడూ ఖాళీ. కుక్కకు ఈ సంగతి బాగా అలవాటయ్యాక గిన్నెను ఆ రెండు చోట్లకూ నడుమ పెట్టారు. బహుమతితో నేర్చుకున్న కుక్కలు అందులో ఏదో ఉంటుందని చకచకా వెళ్ళాయి. ఎక్కువ దండనతో నేర్చినవి నెమ్మదిగా కదిలాయి. ఏమీ ఉండదులే అనుకున్నట్టు! కేకలూ కుదుపులూ కుక్క మనసులో మిగిల్చేది ఆ నిరాశ. అమెరికాలోని జంతు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో, ఏ కుక్కకైనా బహుమతి పద్ధతే వాడాలని స్పష్టంగా ప్రకటించింది.

ఇక పద్ధతిలోకి వద్దాం. ముందు ఒక మాట ఎంచుకోండి. మా ఇంట్లో ఆ మాట 'భలే'. చిన్నది, పలకడం తేలిక, కోపంగా అనడం దాదాపు అసాధ్యం. మొదటి రెండు మూడు పూటలు కుక్కను ఏమీ అడగకండి. 'భలే' అనండి, వెంటనే ఒక ముక్క పెట్టండి. మళ్ళీ 'భలే', మళ్ళీ ముక్క. కొద్దిసేపటికి ఆ మాట వినగానే చెవులు నిక్కించి మీ వైపు చూస్తుంది. రష్యాలో పావ్‌లోవ్ అనే శాస్త్రవేత్త గమనించింది ఇదే. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. ఆ పనిలోనే, తిండి రాకముందే చప్పుడు విని కుక్కలకు నోరూరడం ఆయన కంటపడింది. మన 'భలే' ఆ చప్పుడు లాంటిదే. కుక్క సరైన పని చేసిన ఆ క్షణంలోనే అనగలగడం దాని బలం. ముక్క చేతికి తీసుకుని అందించేలోపు కుక్క ఇంకో నాలుగు పనులు చేసేస్తుంది. మాట మాత్రం క్షణంలో చేరుతుంది. దీనికోసం క్లిక్కర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. 1951లో అమెరికన్ శాస్త్రవేత్త స్కిన్నర్ జంతువులకు నేర్పడం గురించి ఒక పత్రికలో రాసినప్పుడు పిల్లలు ఆడుకునే టిక్కుమనే బొమ్మను వాడమన్నారు. మన జాతరల్లో అమ్మే తగరపు కప్ప కూడా అలా మోగేదే. కానీ బెదురు కుక్క ఆ టిక్కు శబ్దానికే ఉలిక్కిపడవచ్చు. దానికి మనిషి గొంతే మెత్తన.

మొదటి ఆట అరచేతిని ముక్కుతో తాకడం. నేల మీద పక్కకు తిరిగి కూర్చోండి. కుక్క మీదికి వంగకండి, కళ్ళలోకి గుచ్చి చూడకండి. చెయ్యి కిందుగా, దానికి కొంచెం దూరంగా, తెరిచి పట్టుకోండి. అంతే, ఊరుకోండి. చెయ్యి దాని దగ్గరికి పోకూడదు, అదే రావాలి. వాసన చూడటానికి ముక్కు ముందుకు చాపితే 'భలే'. ఇక్కడ ఒక కిటుకుంది. ముక్కను మీ దగ్గర పెట్టకుండా కుక్క వెనక్కి విసరండి. అది వెనక్కి వెళ్ళి తింటుంది. వెళ్ళేటప్పుడు మన నుంచి దూరం జరిగిన నిశ్చింత దానికి దొరుకుతుంది. తిన్నాక మళ్ళీ రావాలా వద్దా అన్నది దాని ఇష్టం. తిరిగి వచ్చిందంటే తన కాళ్ళతో తానే వచ్చినట్టు. దెబ్బలే తెలిసిన చేతిని అది తానుగా వచ్చి తాకిన రోజున, ఆ ఇంట్లోవాళ్ళకు పండగే.

దీని తర్వాత గుండ్రంగా తిరగడం సులువు. ముక్కను ముక్కు దగ్గర పట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పితే కుక్క దాని వెంట తిరుగుతుంది. తిరగడం పూర్తయ్యాక 'భలే'. నాలుగైదుసార్లు అయ్యాక ఖాళీ చేతితోనే అదే సైగ చేయండి, ముక్క రెండో చేతిలోంచి ఇవ్వండి. లేకపోతే ముక్క కనబడితేనే తిరిగే అలవాటు పడుతుంది. 'తిరుగు' అనే మాట అన్నిటికన్నా చివర. చాలామంది మాటతో మొదలుపెట్టి, పదిసార్లు గట్టిగా అని, వినడం లేదని విసుక్కుంటారు. పని వచ్చాకే పేరు పెట్టాలి. ఆ పేరు ఇంటిల్లిపాదికీ ఒక్కటే కావాలి. అమ్మమ్మ 'కూకోవే' అని, నాన్న 'కూర్చో' అని, పిల్లాడు 'సిట్' అని అంటుంటే కుక్క ముగ్గురి మొహాలూ మార్చిమార్చి చూస్తుంది. అమ్మమ్మ మాటకే అందరూ కట్టుబడితే మరీ మంచిది. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఆవిడే కదా.

చెయ్యి ఇవ్వడం నేర్పేటప్పుడు కాలు పట్టి పైకి లేపకండి. వీధి కుక్కకు కాలు చిక్కడమంటే పట్టుబడటమే. ముక్కను పిడికిట్లో పెట్టి నేలకు దగ్గరగా ఉంచండి. నాకుతుంది, ముక్కుతో తోస్తుంది, ఆఖరికి కాలితో గీరుతుంది. కాలు తగిలిన క్షణాన 'భలే' అని పిడికిలి విప్పండి. కొన్నాళ్ళకు పిడికిలి బదులు ఖాళీ అరచెయ్యి చాపినా కాలు దాని మీద పెడుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆట అట్టపెట్టెతో ఆడేది. దాని పుట్టుక సముద్రంలో ఉంది. 1960లలో కరెన్ ప్రయర్ అనే ఆవిడ హవాయి దీవుల్లో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చేవారు. డాల్ఫిన్ మెడకు గొలుసు కట్టలేం, బెత్తం చూపి బెదిరించలేం. కోపం వస్తే అది నీటి అడుక్కి వెళ్ళిపోతుంది. ఈల, చేప, ఓర్పు, ఇవే ఆవిడ దగ్గరున్న సాధనాలు. ఒకసారి ఆవిడా సహచరులూ ఒక నియమం పెట్టుకున్నారు. డాల్ఫిన్ అంతకుముందు చేయని కొత్త పని చేస్తేనే ఈల వేయాలి. మలియా అనే డాల్ఫిన్ మొదట తెలిసిన ఎగురుళ్ళన్నీ ఎగిరింది, ఫలితం లేకపోతే తికమక పడింది. ఉన్నట్టుండి సంగతి గ్రహించింది. ఇక అక్కడి నుంచి ఎవరూ ఎన్నడూ చూడని విన్యాసాలు తనే కల్పించి చేయసాగింది. 1969లో దీన్ని పరిశోధన పత్రంగా ప్రచురించారు. ఒక మూగజీవం ఆలోచించి కొత్తది పుట్టించగలదని ఆ ఈలా చేపలూ లోకానికి చూపించాయి. 1984లో ప్రయర్ రాసిన పుస్తకంతో ఈ పద్ధతి కుక్కల శిక్షణలోకి విస్తారంగా వచ్చింది.

మన ఇంట్లో ఖాళీ అట్టపెట్టె ఉంటే చాలు. దాన్ని గది మధ్య పెట్టి కూర్చోండి. కుక్క పెట్టె వైపు చూస్తే 'భలే', ముక్క. ఒక అడుగు అటు వేస్తే 'భలే'. వాసన చూస్తే, తాకితే, తోస్తే, కాలు లోపల పెడితే, దేనికైనా సరే. ఇందులో తప్పు చేయడం అనేదే లేదు. ఏం చేయబోయినా దెబ్బ పడుతుందని బతికిన కుక్కకు, కదలకుండా ఉండటమే క్షేమమని నేర్చుకున్న కుక్కకు, తాను చేసిన ప్రతి పనికీ మేలు జరిగే చోటు బతుకులో మొదటిసారి దొరుకుతుంది. సిరి మొదట పెట్టె వైపు చూసి చూపు తిప్పేసుకునేది. ఆ చూపుకే ముక్కలు పెట్టాం. తర్వాత్తర్వాత పెట్టెను గదంతా తోసుకుంటూ తిరిగింది, లోపలికి దూరి కూర్చుంది, ఒక నాడు తలమీద బోర్లించుకుని వంటింట్లోకి వచ్చింది. అప్పటి దాని ఉత్సాహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి.

బహుమతి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి మాంసం, ఉడికించిన గుడ్డు, పనీరు, క్యారెట్ పనికొస్తాయి. ముక్క శనగ గింజంత ఉంటే చాలు. ఇలాంటి చిరుతిండి అంతా కలిపి రోజు మొత్తం ఆహారంలో పదో వంతు మించకూడదు, పెట్టిన మేరకు అన్నం తగ్గించండి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషం. పంచదార బదులు జైలిటాల్ కలిపిన బిళ్ళలూ చూయింగ్ గమ్ములూ ప్రాణం తీయగలవు. మన కూరల్లో ఉల్లి లేనిది ఏది? అందుకే పళ్ళెంలోది తీసి పెట్టే అలవాటు మానుకోండి. ఆట బాగా వచ్చాక ప్రతిసారీ ముక్క ఇవ్వనక్కర్లేదు, మెచ్చుకోలూ నిమరడమూ కలుపుకోవచ్చు. పూర్తిగా ఆపేస్తే మాత్రం పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినట్టే.

ఒక్కో ఆటకు రెండు మూడు నిమిషాలు చాలు. ఇంకా కావాలని కుక్క చూస్తున్నప్పుడే ఆపాలి. మన ఎండలకు పొద్దుటి పూటో, పొద్దు వాలాకో ఆడించండి. టైల్స్ నేల మీద కాళ్ళు జారితే మళ్ళీ బెదురుతుంది, గోనెపట్టా పరవండి. కుక్క ముఖం పక్కకు తిప్పుకుంటున్నా, తినకుండానే మూతి నాకుకుంటున్నా, నిద్ర రాకుండానే ఆవలిస్తున్నా, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తున్నా ఇక చాలు అంటోందని అర్థం. దాని మాట మనం వినాలి. ఈ ఒక్కటి పిల్లలకు తప్పక నేర్పండి. వద్దంటే ఆగుతారని తెలిసిన కుక్కకు పళ్ళు చూపించే అవసరం రాదు.

వెల్లకిలా దొర్లడం లాంటివి బెదురు కుక్కకు మొదట్లో వద్దు. పొట్ట చూపడం దానికి తనను తాను పూర్తిగా అప్పగించుకోవడం. వెనక కాళ్ళ మీద నిలబెట్టడం పెద్ద వయసు కుక్కల నడుముకు, కీళ్ళకు భారం. పదిమంది చుట్టాల ముందు ఆడించి చూపించాలన్న సరదా కూడా కొన్నాళ్ళు ఆపుకోండి.

మా ఇంటికి ఆటగా వచ్చి అక్కరకు నిలిచింది ఒకటుంది. సిరికి నా అరచేతిలో గడ్డం ఆనించి ఉంచడం నేర్పాం. గడ్డం ఆనినంతసేపూ ముక్కలు వస్తాయి, తీసేస్తే మేమూ చేతులు వెనక్కి తీసుకుంటాం. అలా ఆనించి ఉండగానే చెవి చూడటం, గోళ్ళు తాకడం, చివరకు సూది వేయించుకోవడం అలవాటైంది. పశువుల ఆసుపత్రిలో నలుగురు పట్టి అదిమే అవసరం తప్పింది. తన బొంత మీదికి వెళ్ళి పడుకోవడం కూడా ఆటగానే నేర్పాం. దీపావళి రాత్రి టపాకాయలు మోగుతుంటే అది వెతుక్కుంటూ వెళ్ళేది ఆ బొంత దగ్గరికే.

కుక్క తోక వంకర అనే సామెత చెప్పి, పెద్ద కుక్క ఇక మారదని పెదవి విరిచేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. వయసు మళ్ళిన కుక్కలు నేర్చుకుంటాయి. కొత్త ఇంట్లో కుదురుకోవడానికి మూడు నెలలైనా పడుతుందని ఆశ్రయాలు నడిపేవాళ్ళు చెబుతారు, కొన్నిటికి ఇంకా ఎక్కువ పడుతుంది. దగ్గరికి వస్తే చాలు గుర్రుమనే కుక్క, కరిచిన కుక్క అయితే ఆటలతో సొంతంగా ప్రయత్నించకుండా పశువైద్యుణ్ణి కలవండి. నొప్పి వల్ల కూడా కుక్కలు కరుస్తాయి. ఏ కుక్క పన్ను దిగినా గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి రేబీస్ టీకా వేయించుకోవాలి.

కుక్కను పెంచుకోవాలన్న ఆలోచన ఉన్నవాళ్ళకు నా విన్నపం ఒక్కటే. వేలకు వేలు పోసి జాతి కుక్కపిల్లను కొనే ముందు మీ ఊళ్ళోని జంతు ఆశ్రయానికి ఒక్కసారి వెళ్ళండి. ఎవరూ అడగని పెద్ద కుక్కలు అక్కడ ఉంటాయి. ఒకదాన్ని ఇంటికి తెచ్చుకోండి. రేబీస్ టీకా, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మొదట చేయించండి. అది నిమ్మళించాక ఒక పూట నేల మీద దాని పక్కన కూర్చుని, చెయ్యి చాపి, అది వచ్చేదాకా ఆగండి.